మిద్దె మీద సుద్దముక్కతో గీసిన ఇల్లు

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు స్కూటర్ వేసుకుని ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా సోఫాలో నా పక్కన కూలబడి, ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. వచ్చే నెల అదీ దాని మొగుడూ ఉద్యోగాల మీద జర్మనీ వెళ్తున్నారు. వెళ్ళేలోపల ఇక్కడొక ఫ్లాటు బుక్ చేసుకున్నారు. ఆ ఫ్లాటు ఇంకా పునాది గుంతలోనే ఉంది గానీ, ఫోనులో మాత్రం సోఫాలు, కర్టెన్లు, పూలకుండీలతో సహా తయారై కూర్చుంది. అది వేలితో తోస్తూ ఉంటే హాలు వచ్చింది, హాలు దాటి వంటిల్లు వచ్చింది, అక్కణ్ణుంచి పడకగదికి తలుపు దాకా తిరిగి వెళ్ళే ఓపిక లేక పిల్ల గోడలోంచే దూరిపోయింది. "చూడత్తా, గోడల్లోంచి కూడా పోవచ్చు" అని పకపకా నవ్వింది. నేను మాత్రం ఫోను మీంచి చూపు తిప్పుకున్నాను.

తరవాత అసలు సంగతికొచ్చింది. "పద్దెనిమిదేండ్లు మస్కట్లో ఉండొచ్చినావు కదత్తా, పరాయి దేశంలో ఎట్లుండాల, సెలవు రోజు ఏం చేసుకోవాల, ఈడ ప్రాపర్టీ ఎట్ల చూసుకోవాల, అన్నీ ఒక కాగితంలో రాసియ్యి. ప్రాక్టికల్ టిప్స్ కావాల, ఏడుపులొద్దు" అంది. ఎట్లాగూ అయిదేళ్ళకు తిరిగొచ్చి ఆ ఫ్లాట్లోనే స్థిరపడతారట, అందుకని అక్కడ సామానేమీ కొనరట, అద్దె ఇంట్లో రెండు పరుపులు నేల మీద వేసుకుని గడిపేస్తారట. ఆ మాట అది ఎంత తేలిగ్గా అనేసిందో! సరే, రాసిపెడతానన్నాను. ఆ మధ్యాహ్నమే కాగితం తీసి కుక్కరుకు అదనంగా రెండు గాస్కెట్లు, గింజ తీసిన చింతపండు, జలుబుకు శొంఠి అని మూడు ముక్కలు రాశాను. నాలుగో ముక్కకు చెయ్యి ఆగిపోయింది. దానికి రాసివ్వలేనిది, నా ఈడు వాళ్ళు మీరైతే విసుక్కోకుండా వింటారని ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న బెంగళూరు చిక్కపేటలో ఒక చీరల కొట్లో గుమాస్తా. ఆ కొట్టు వెనక సందులోనే రెండు గదుల్లో మేము ఏడుగురం పెరిగాము. తోపుడు బళ్ళ చప్పుడుకే లేచేవాళ్ళం, ఆ చప్పుడులోనే చదువుకునేవాళ్ళం, కాళ్ళు పూర్తిగా చాపుకుని పడుకోవడం అంటే ఏమిటో పెళ్ళయ్యేదాకా నాకు తెలియదు. మా వారిది చింతామణి పక్క పల్లె. ఏసీలు బాగుచేసే పని నేర్చుకుని మస్కట్ వెళ్ళారు, పెళ్ళయిన ఏడాదికి నన్నూ తీసుకుపోయారు. అక్కడ మనవాళ్ళ బడిలో చిన్న పిల్లలకు లెక్కలు చెప్పే పని దొరికింది నాకు. మాటకొస్తే ఆయన మహా మొండి మనిషి, నేనేమీ తక్కువ తినలేదు. ఇద్దరికీ ఒకటే ఆశ ఉండేది. మనకంటూ ఒక ఇల్లు, ఎవరి గోడా ఆనుకోని నాలుగు గోడలు, బెంగళూరులో.

ఆరో ఏట సెలవుకు వచ్చినప్పుడు వర్తూరు చెరువు పక్కన ఒక సైటు కొన్నాము. బెంగళూరులో పుట్టినవాళ్ళకు సైటంటే చెప్పక్కర్లేదు, ముప్పై అడుగులు ఇటు, నలభై అడుగులు అటు, మన తరం ఆశలన్నీ ఆ కొలతలోనే సరిపెట్టుకున్నాము. అప్పుడు అటంతా రాగి చేలు, చెరువు మీంచి చల్లటి గాలి వచ్చేది. ఇల్లు సంగతి తరవాత, ముందు నీళ్ళు చూద్దామని ఈశాన్యం మూల బోరు వేయించారు మా వారు. నీళ్ళు చిమ్మినప్పుడు ఆ బురద నీళ్ళతోనే ముఖం కడుక్కుని, అంత మనిషీ ఎగిరి గంతేశారు. ఆ మర్నాడు విమానం ఎక్కాము.

తిరిగి వెళ్ళాక వచ్చిన మొదటి శుక్రవారం, అక్కడ అదే సెలవు రోజు, ఎండ తగ్గి సాయంకాలం నమాజు పిలుపు వినిపించిన తరవాత, మా వారు నా బడి సంచీలోంచి సుద్దముక్కలు తీసుకుని టేపు పట్టుకుని మిద్దె మీదికి నడిచారు. మేముండేది మూడంతస్తుల భవనం, పైన ఎవరూ తిరిగేవాళ్ళు కాదు. మిద్దె మూల ఉన్న నీళ్ళ తొట్టే మన బోరు అనుకోమన్నారు. అక్కణ్ణుంచి కొలుచుకుంటూ, ఒక్క అంగుళం తగ్గించకుండా, ఇల్లు మొత్తం సుద్దతో గీశారు. ముందర అరుగు, ఆయన జగలి అనేవారు, వాళ్ళ వైపు కన్నడం కలిసిన మాట. అరుగు దాటితే హాలు, ఆగ్నేయంలో వంటిల్లు, వెనక రెండు గదులు. నన్ను వంటింట్లో నిలబెట్టి తాను వీధిలోకి పోయి, పని నుంచి వచ్చినట్టు అరుగెక్కి, లేని చెప్పులు విడిచి, "ఏమే, కాఫీ అయిందా" అని వాకిట్లోంచి పిలిచారు. అయిందన్నాను. ఏం చేస్తాను, సిగ్గూ నవ్వూ రెండూ ఆగలేదు.

ఆ రోజు మొదలు ప్రతి శుక్రవారమూ అదే మా కాలక్షేపం. తోటివాళ్ళు సముద్రం ఒడ్డుకు పోయేవాళ్ళు, పేకాడేవాళ్ళు, ఒకావిడ కుట్లు నేర్చుకుంది, ఇంకొకావిడ వీణ నేర్చుకుంది, మేమిద్దరం మాత్రం మిద్దెక్కి మా ఇంట్లో కాపురం చేసేవాళ్ళం. అక్కడ వానలు అరుదు, వారం తిరిగేసరికి దుమ్ముకు గీతలు మసకబారితే మళ్ళీ దిద్దుకునేవాళ్ళం. బట్టలుతికే బండ ఎక్కడుండాలో తేలక ఒకసారి రెండు రోజులు మాటలు మానుకున్నాము, లేని ఇంటికి లేని బండ! కింది ఇంటి మలయాళీ నర్సు ఆరేసిన బట్టల కోసం పైకి వస్తే, ఆమెను కూడా వాకిట్లోంచే రమ్మనేవారు. ఆ తల్లి నవ్వుకుంటూ గీత ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చేది. నేనే ఎప్పుడైనా పరధ్యానంగా గీత దాటబోయానా, ఇంక చూడండి. "యాడికి పోతా ఉండావు? ఆడ గోడ ఉండాది, గోడ!" అని మిద్దె అదిరేలా అరిచేవారు. వెనక్కి వచ్చి, తలుపు ఉన్న చోటుకు తిరిగి, అందులోంచి వెళ్తే గానీ ఊరుకునేవారు కాదు.

ఆ ఇల్లు కట్టడానికి మాకు పద్దెనిమిదేళ్ళూ చాలలేదు. ప్రతి సెలవుకూ ఈసారి మొదలుపెడదాం అనుకునేవాళ్ళం, ప్రతిసారీ ఇంకో రెండేళ్ళు అయ్యాక అనుకుని విమానం ఎక్కేవాళ్ళం. ఒకసారి కాంపౌండు గోడ చాలన్నారు, ఒకసారి తమ్ముడి పెళ్ళి అడ్డొచ్చింది, ఒకసారి ఆయనకు ఫోర్‌మన్ పని వచ్చింది, కారణాలకేం కొదవ. ఈలోగా ఇంటి కోసం కొన్నవి కొన్నట్టు అట్టపెట్టెల్లో పెట్టి మంచం కింద దాచేదాన్ని. నీలం పూల గాజు పళ్ళేల సెట్టు ఒకటి ఉండేది, దాన్ని అక్కడున్నన్నాళ్ళూ ఒక్కనాడూ విప్పలేదు, ప్లాస్టిక్ కంచాల్లోనే తిన్నాము. వీధి తలుపుకని ఇత్తడి గొళ్ళెం ఒకటి మోజుపడి కొని, వారానికోసారి చింతపండుతో తోమి మళ్ళీ బట్టలో చుట్టి పెట్టేవారు మా వారు. ఇక మంచం మాట చెప్పనే అక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన ఇనుప మంచం, ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క మడిచి పెట్టేవాళ్ళం. అటు తిరిగితే కిర్రు, ఇటు తిరిగితే కిర్రు. కొత్తది కొందామంటే, ఇంటికి టేకు మంచం చేయిద్దాంలే, ఇక్కడ ఎందుకే అనేవారు. నేనూ తలూపేదాన్ని. ఆయన నడుం నొప్పి అంతా ఆ మంచం పెట్టిందే.

ఆఖరికి ఆయనకు యాభై ఎనిమిదో ఏడు రాగానే మూటాముల్లె సర్దుకుని వచ్చేశాము. తమ్ముడింట్లో దిగాము. వారం తిరక్కుండానే మేస్త్రీని మాట్లాడి, మంచి రోజు చూసి, పునాదికి గుర్తులు పెట్టించారు. మేస్త్రీ మేకులు కొట్టి దారాలు కట్టి, దారం వెంబడి సున్నం పొడి పోసుకుంటూ పోయాడు. ఎర్రమట్టి మీద తెల్లటి గీతలు, అదే అరుగు, అదే హాలు, అదే ఆగ్నేయం వంటిల్లు. మిద్దె మీద వందల సార్లు గీసిన ఇల్లు మొట్టమొదటిసారి దాని నేల మీద పడింది. మా వారి ముఖం ఆ రోజు చూడాల్సింది. అంతా అయ్యాక నన్ను వంటింట్లో పోయి నిలబడమన్నారు, తాను వీధిలోకి పోయి వాకిట్లోంచి వస్తానన్నారు.

చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే గుండె బరువు. నాకు ఎండ నెత్తికెక్కింది. రోడ్డు మీద ఆటోవాడు ఒకటే హారన్ కొడుతున్నాడు. తమ్ముడింట్లో పప్పు నానబోసి వచ్చాను, అదొక గుబులు. "చాల్లెండి ఈ పిల్లాటలు, ఇంక ఇల్లే వస్తుంటే ఇదెందుకు? ఎన్నేళ్ళు పిలుస్తారో పిలుద్దురు గాని, పదండి" అని, తిరిగి వెళ్ళే ఓపిక లేక, ఆ సున్నపు గీతను తొక్కుకుంటూ అడ్డంగా ఆటో వైపు నడిచాను. ఆయన అరుస్తారనే అనుకున్నాను. అరవలేదు. వెనక్కి చూస్తే, గీత మీద పడిన నా చెప్పు గుర్తు వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. మేస్త్రీ సర్దిచెప్పబోయాడు, "గీతే కదా సారూ, మళ్ళా పోస్తాలే" అన్నాడు. "గీత కాదప్పా, అది గోడ" అన్నారు మా వారు, మెల్లిగా. గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి ఆటోలో నా పక్కన కూర్చున్నారు.

ఎనిమిదో రోజు పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కూలిపోయారు. ప్రాణం ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు.

నెల తరవాత తమ్ముణ్ణి తోడు తీసుకుని సైటుకు వెళ్ళాను. ఏం ఉంటుంది? వానలు పడ్డాయి, సున్నం కరిగి మట్టిలో కలిసిపోయింది, గరిక మొలిచింది. ఏది వంటిల్లో ఏది హాలో, నా చెప్పు గుర్తు ఎక్కడో కూడా తెలియలేదు. ఆ గుర్తు మిగిలి ఉంటే చేత్తో తుడిచి గోడ మళ్ళీ పోసేదాన్ని, ఆ మాత్రం కూడా ప్రాప్తం లేకపోయింది. కూర్చుని ఏడ్చాను, తమ్ముడు లేవదీసేదాకా ఏడ్చాను. ఒక్కదాన్నే ఇల్లు కట్టుకుని ఏం చేసుకోను? కొన్నేళ్ళకు పక్క సైట్లవాళ్ళు అందరూ కలిపి ఒక బిల్డరుకు ఇస్తున్నామంటే నేనూ సంతకం పెట్టాను. అపార్టుమెంటు లేచింది. రెండో అంతస్తులో నాకొక ఫ్లాటు ఇచ్చారు, ఇప్పుడుంటున్నది అందులోనే. తలుపులు గొళ్ళేలతో సహా వాళ్ళే బిగించారు, ఆయన ఇత్తడి గొళ్ళెం బీరువాలో ఉంది. చెరువు గాలి కంపుకు ఇప్పుడు కిటికీలు మూసుకోవాల్సి వస్తోంది.

మా ఇల్లు ఉండాల్సిన చోట కార్లు నిలుపుతారు. అదెట్లా తెలుసంటే, ఈశాన్యం మూల ఆయన వేయించిన బోరు అట్లాగే ఉంది, అపార్టుమెంటు అంతటికీ ఆ నీళ్ళే. అక్కణ్ణుంచి కొలత నాకు నిద్రలో కూడా వస్తుంది. గేటు నుంచి లిఫ్టుకు అడ్డంగా నడిస్తే సరిగ్గా మా వంటింటి గోడలోంచి పోవాలి. నేను పోను. కూరల సంచీ ఎంత బరువున్నా సరే, చుట్టూ తిరిగి అరుగెక్కి హాల్లోంచే వెళ్తాను. వాచ్‌మన్ నేను వాకింగ్ చేస్తున్నాననుకుంటాడు.

నిన్న మా మేనకోడలు కాగితం కోసం వచ్చింది. గాస్కెట్లూ శొంఠీ చింతపండూ కొట్టేసి రెండే రెండు ముక్కలు రాసిచ్చాను. వెళ్ళిన వారంలోనే మంచి మంచం కొనుక్కోండి, మంచి పళ్ళేల్లో తినండి, పగిలితే పగలనీ. "ఇంతేనా అత్తా?" అని నవ్వి మడిచి సంచీలో వేసుకుంది. సాగనంపడానికి కిందికి దిగాను. దాని స్కూటర్ గేటు దగ్గర ఉంది. తన ధ్యాసలో తాను అడ్డంగా నడిచిపోతోంది. నాకు తెలియకుండానే నా నోట్లోంచి ఆయన అరుపు వచ్చింది. "యాడికి పోతా ఉండావు? ఆడ గోడ ఉండాది, గోడ!"

పిల్ల ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. నా ముఖం చూసి ఏమనుకుందో ఏమో, "యాడత్తా?" అని మాత్రం అడిగింది. చెప్పాను, మీకు చెప్పినదంతా కాదు, గోడ ఎక్కడుందో, తలుపు ఎక్కడుందో అంతవరకే. ఏడుపులొద్దన్న పిల్ల, ఎవరి కారో కార్చిన నూనె మరకల మధ్యనుంచి వెనక్కి వచ్చి, చుట్టూ తిరిగి, నేను చూపించిన వాకిలి ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నా చెయ్యి కాసేపు పట్టుకుని నిలబడి, మళ్ళీ వాకిట్లోంచే వెళ్ళిపోయింది.

ఇప్పుడు కట్టని ఇళ్ళన్నీ ఫోన్లోనే కనబడుతున్నాయి, ఏ గోడలోంచి కావాలంటే ఆ గోడలోంచి దూరిపోవచ్చు, అడిగేవాడు లేడు. మా కాలంలో కట్టని ఇంటికి కూడా గోడలుండేవి. పిల్ల వెళ్ళాక నేను పైకి పోలేదు. రెండు కార్ల మధ్య, ఆ రోజు ఆయన నిలబడమన్న వంటింట్లో నిలబడ్డాను. నాకిప్పుడు ఏ ఆటో తొందరా లేదు, నానబోసిన పప్పూ లేదు. ఎంతసేపైనా నిలబడగలను. వాకిట్లోంచి పిలిచే మనిషే లేడు.