జామీను నిలిచిన సోమరితనం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఒక సోమవారం పొద్దున ఈ కబురు మొదట మోసుకొచ్చినవాడు గౌస్ భాయ్. బగ్దల్ పోయే దారిలో ఆయనకు చాయ్ హోటలుంది. నేను బీదర్ కోర్టు దగ్గర ఒక వకీలు గారి ఆఫీసులో బెయిల్ అర్జీలు టైపు చేస్తాను. బడికి పోయినదాన్ని కాదు. కన్నడం, ఇంగ్లిషు, టైపు, అన్నీ మా నాయన ఇంట్లోనే నేర్పాడు. ఆ పుణ్యాత్ముడికి దండం పెట్టుకోనిదే ఇప్పటికీ కంప్యూటరు తెరవను.

"అక్కా, మా శంకరప్పను పట్కపోయిండ్రు. గంజాయి కేసంట," అన్నాడు గౌస్ భాయ్. వెనకే శంకరప్ప భార్య నర్సమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

శంకరప్ప చేనులోని కొట్టంలో రెండు సంచుల ఎండు గంజాయి దొరికింది. తూకం ఇరవై కిలోలు దాటింది. అంత దాటితే చట్టం దాన్ని కమర్షియల్ క్వాంటిటీ అంటుంది, అంటే వ్యాపారానికి సరిపడే సరుకు. అప్పుడు సెక్షన్ 37 అడ్డం నిలుస్తుంది. మామూలు కేసుల్లో పారిపోడు, సాక్షుల జోలికి పోడు అంటే చాలాసార్లు సరిపోతుంది. ఇక్కడ సర్కారీ వకీలు బెయిల్ వద్దన్నాడంటే, జడ్జి గారికి రెండు నమ్మకాలు కుదరాలి: ఇతను నేరం చెయ్యలేదనడానికి తగిన ఆధారం ఉందని, బయటికొస్తే అలాంటిది చెయ్యడని. ఒకటి తప్పినా విచారణ ముగిసేదాకా లోపలే. ఏళ్లు పట్టొచ్చు.

"రోజూ చేనుకాడికి పోతడు గదమ్మా. సంచులు కండ్లబడలేదంటే ఎవరు నమ్ముతరు?" అన్నారు వకీలు గారు.

నర్సమ్మ నేల చూసింది. గౌస్ భాయ్ పైకప్పు చూశాడు.

"పోడు సార్," అంది చివరికి. "చేను మొఖం జూడక రెండేండ్లాయె. నేను పొద్దుగాలనే బడిల వంటకు పోత. వాడకట్టోళ్లు అడిగితె మాత్రం చేనుకాడికి పోయిండనే చెప్త."

"మరి యాడుంటడు?"

"నా హోటల్ల సాబ్," అన్నాడు గౌస్ భాయ్. "తెరవంగనే వస్తడు. మూసేటప్పుడు లేపి పంపుత. నా బల్లకు మూడే కాళ్లు, నాలుగోది శంకరప్పనే."

వకీలు గారి ముఖం వెలిగింది. ఏ భూమిలో ఏ పంట ఉందో చెప్పే పహాణీ తెప్పిస్తే, రెండేళ్లుగా బీడు అని ఉంది. కొట్టానికి తలుపే లేదు. సరుకు ఉందని తెలియనివాడు దాన్ని దాచుకున్నాడనడం కష్టం. నేను టైపు చేశాను: అర్జీదారు మిక్కిలి సోమరి.

ఎవరి కాగితమైనా వాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించాకే కదలాలని మా నాయన నియమం. అందుకని వకీలు గారితో, నర్సమ్మతో జైలుకు పోయి శంకరప్పకు చదివాను.

"ఇది నేనొప్పుకోను," అన్నాడు. "ఊర్ల నా ఇజ్జత్ ఏంగావాలె? పానం బాగలేక పోలేదని రాయుండ్రి."

"పానం బాగనే ఉంది గదయ్యా," అన్నాను.

"గట్లయితే ఈడనే ఉంట. ఈడ నన్నెవరు సోమరి అంటలేరు."

నర్సమ్మ నోటికడ్డమున్న కొంగు తీసింది. "ఊరికి ఎప్పుడో ఎరుకే. నేను అబద్ధమాడుతుంటె నా మొఖం జూసి తలకాయలూపుతున్నరు. నీ ఇజ్జత్ ఇంక నేను మొయ్యలేను. ఊఁ అను."

అతను ఆలోచించాడు. ఆలోచన కూడా తీరిగ్గానే చేశాడు. "సరే. ఆ 'మిక్కిలి' తీసెయ్యుండ్రి," అన్నాడు. తీసేశాను.

కోర్టులో సర్కారీ వకీలు, సోమరితనం నిర్దోషిత్వానికి రుజువవుతుందా అని లేచాడు. మా వకీలు గారు పహాణీ, గౌస్ భాయ్ అఫిడవిట్ చూపించి, పాత కేసు ఒక్కటీ లేదన్నారు. "బయటికొస్తే నేరం చెయ్యడని నమ్మేదెలా?" అని జడ్జి గారు అడిగారు. "న్యాయమైన పనికే లేవని మనిషి స్వామీ," అన్నారు మా వకీలు గారు. జడ్జి గారు ఫైలు కొంచెం పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆర్డరులో సోమరి అన్న మాట లేదు. బీడు భూమి, తలుపు లేని కొట్టం, ఎవరైనా వచ్చి పెట్టగల చోటు, పాత నేరాలు లేవు, అంతే ఉంది. బెయిల్ వచ్చింది. ఒక షరతు: ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఠాణాలో సంతకం.

"కోర్టు ఒక్కపారి చెప్తె లేస్తుండక్కా," అంది నర్సమ్మ, పేడాలు తెచ్చినరోజు.

అంతవరకు నేను అర్జీ అంటే మనిషిని మంచివాడిగా చూపడమే అనుకునేదాన్ని. ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూపడమే జడ్జి గారికి పనికొస్తుందని ఈ కేసు నేర్పింది. నేర్పించిన దేవుడికి దండాలు.

బెయిల్ అంటే కేసు తేలినట్టు కాదు, అది ఇంకా నడుస్తోంది. మీ ఆయనేడి అని ఎవరైనా అడిగితే నర్సమ్మ ఇప్పుడు "హోటల్ల" అని చెప్తోంది. మీరు దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి. శంకరప్పను తలవకపోయినా పరవాలేదు, ఆయన హాయిగానే ఉన్నాడు.