ఏడో సాక్షి వాంగ్మూలం

2013లో వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన వారంలో నన్ను శ్రీకాకుళం జిల్లా ఉత్తరాన ఉన్న ఒక మేజిస్ట్రేటు కోర్టుకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా బదిలీ చేశారు. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున కోర్టులో నడిపే ఉద్యోగం అది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు. విజయనగరంలో కొట్లాటలు, సాలూరులో లారీ కేసులు లెక్కలేనన్ని నడిపాను. పరాయి దేశంలో ఉన్న నిందితుణ్ణి మన కోర్టుకు రప్పించే ఫైలు మాత్రం అదే మొదటిది, అదే ఆఖరిది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కేసు ఇది. నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పనిచేసే ఏడుగురిని ఒక ఏజెంటు భవనాల పని ఇప్పిస్తానని గల్ఫ్ తీసుకెళ్లాడు. దిగిన రోజే పాస్‌పోర్టులు లాక్కుని, ఒక రేకుల షెడ్డులో పెట్టాడు. పనికి తీసుకెళ్లినప్పుడు తప్ప ఆ షెడ్డుకు బయటి నుంచి తాళం. నాలుగో నెలలో, పని లేని ఒక శుక్రవారం నాడు, వాళ్లలో అసిరయ్య అనే ఆయనకు ఊపిరి అందలేదు. మిగతావాళ్లు తలుపు బాదారు. ఎవరూ తియ్యలేదు. మధ్యాహ్నానికి ఆయన పోయాడు. మిగిలిన ఆరుగురూ మన రాయబార కార్యాలయం సాయంతో ఇల్లు చేరారు. ఏజెంటు మూడో దేశానికి జారుకున్నాడు.

మా కోర్టు అతని మీద వారెంటు ఇచ్చింది. అంతర్జాతీయ నోటీసు వెళ్లింది. ఆ మూడో దేశపు విమానాశ్రయంలో అతణ్ణి పట్టుకున్నారు. దీన్ని తాత్కాలిక అరెస్టు అంటారు. అరెస్టు చేసిన నాటి నుంచి అరవై రోజుల్లో మన కాగితాలన్నీ అక్కడి కోర్టు ముందు ఉండాలి, లేకపోతే వదిలేస్తారు. కాగితాలు జిల్లా నుంచి రాష్ట్ర హోం శాఖకు, అక్కణ్ణుంచి ఢిల్లీకి, విదేశాంగ శాఖ ద్వారా మన రాయబారికి, ఆయన నుంచి ఆ కోర్టుకు వెళ్లాలి. ప్రతి పేజీ మీదా మేజిస్ట్రేటు ముద్ర ఉండాలి. తెలుగులో ఉన్న ప్రతి ముక్కకూ అనువాదం ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి జడ్జి సాక్షుల్ని పిలిపించి వినడు. కాగితం మీద ఉన్నదే చదువుతాడు.

ఆ కాగితాలు సరిగ్గా ఉన్నాయని చూసి సంతకం చేయాల్సింది నేను. మూడు సార్లు చదివి సంతకం చేశాను.

ముప్పై ఎనిమిదో రోజున ఢిల్లీ మీదుగా ప్రశ్నలు వెనక్కి వచ్చాయి. భాష చాలా మర్యాదగా ఉంది. ఏడో సాక్షి ఏ తేదీన గల్ఫ్ వెళ్లారో, ఆమె పాస్‌పోర్టు నకలు పంపగలరేమో అడిగారు. ఆరుగురు పురుషులతో పాటు తననూ షెడ్డులో బంధించారని ఆమే చెప్పినట్టుంది కదా అన్నారు. ఏడు వాంగ్మూలాల్లోనూ వాక్యాలు అక్షరం తేడా లేకుండా ఎందుకు ఉన్నాయో వివరించమన్నారు.

ఏడో సాక్షి పోలమ్మ. అసిరయ్య భార్య. పలాస దాటి ఎరగని మనిషి. ఫైలు తీసి ఆమె వాంగ్మూలం మళ్లీ చదివాను. "మమ్మల్ని షెడ్డులో పెట్టి తాళం వేశారు. మాలో అసిరయ్య అనే వ్యక్తికి ఊపిరి ఆడలేదు" అని ఉంది. సొంత మొగుణ్ణి పట్టుకుని ఆమె 'అసిరయ్య అనే వ్యక్తి' అందట.

ఎలా జరిగిందో చదివేవారికి చెప్పాలి. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. స్టేషన్లో రాతపని చూసే హెడ్ కానిస్టేబులును రైటర్ అంటారు. ఆయన మొదటి సాక్షిది రాస్తాడు. మిగతావాళ్లకు కంప్యూటర్లో అదే తీసి పేరు, తండ్రి పేరు, వయసు మారుస్తాడు. మన కోర్టుల్లో సాక్షి స్వయంగా బోనెక్కి మాట్లాడతాడు కాబట్టి ఇది ఎవరికీ పట్టదు. నాకూ పట్టలేదు. అదీ నా కోపం.

ఎస్సైనీ రైటర్నీ పిలిపించాను. నేను నెల్లిమర్లలో పుట్టి పెరిగినదాన్ని, కోపం వస్తే కోర్టు భాష నా దగ్గర నిలవదు. "ఏటిది? ఈవిడెప్పుడెల్లింది గల్ఫుకి?" అని కాగితం బల్ల మీద కొట్టాను. ఎస్సై తల దించుకున్నాడు. రైటర్ మాత్రం దించుకోలేదు. "ఎప్పుడూ ఇలాగే రాస్తాం కదా మేడమ్. ఇన్నేళ్ల సర్వీసుల ఒక్కలూ అడగనేదు. తమరూ సూసే కదా సంతకం ఎట్టినారు" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. ఎవరి చెంపో తేల్చుకోలేక ఊరుకున్నాను.

ఏడుగురినీ మళ్లీ పిలిపించి మేజిస్ట్రేటు గారి ఎదుట ప్రమాణం మీద వాంగ్మూలాలు రాయించాం. అలా రాసేటప్పుడు ప్రాసిక్యూటర్ గదిలో ఉండకూడదు. పోలమ్మ చెప్పింది సాయంత్రం నకలు చేతికొచ్చాక చదివాను. మేజిస్ట్రేటు కుర్రవాడే అయినా ఆమె మాట ఆమె నోట ఎలా వచ్చిందో అలాగే రాశాడు.

షెడ్డులో ఒకరి దగ్గర దాచిన ఫోను ఉంది. దాంట్లోంచి ఆ శుక్రవారం ఆమెకు కబురు చేశారు. ఆమె వెంటనే ఏజెంటుకు ఫోను చేసింది. "ఆయనకి ఊపిరాడట్నేదట బాబూ, తలుపు తియ్యండి అన్నాను. నీ మొగుడొక్కడి కోసం తలుపు తీస్తే మిగతా ఆరుగురూ పారిపోతారు అన్నాడు. అనీసి పోను పెట్టీసినాడు."

ఇంతకన్నా ఏం కావాలి? మనిషి చచ్చిపోతున్నాడని అతనికి తెలుసు. తాళం తన చేతిలోనే ఉందని అతని నోటి నుంచే వచ్చింది. ఆ ఒక్క మాటతో మోసం కేసు కాస్తా ప్రాణం తీసిన కేసయ్యేది. అది చెప్పగలిగిన సాక్షి ఒక్క పోలమ్మే. ఆమె నోట్లో మేం వేరేవాళ్ల మాటలు కుక్కాం.

మర్నాడు వరండాలో కనిపిస్తే, ఈ సంగతి ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ ప్రశ్న అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. "సెప్పినానమ్మా. అందరిదీ ఒకటే కదా, నువ్వెల్లు అన్నారు" అంది.

కొత్త వాంగ్మూలాలకు అనువాదం, ముద్రలు, హోం శాఖ. అరవయ్యో రోజున మా రెండో కట్ట ఇంకా ఢిల్లీలోనే ఉంది. గడువు పెంచమని మన తరఫు లాయరు అడిగాడు. ఏజెంటు లాయరు మా మొదటి కట్ట తెరిచి, గల్ఫ్‌లో అడుగు పెట్టని మనిషిని గల్ఫ్‌లో బంధించారంటున్న ప్రభుత్వం ఇది అని చదివి వినిపించాడట. జడ్జి గడువు పెంచలేదు. ఏజెంటు వారం తిరక్కుండా ఆ దేశం దాటిపోయాడు. ఈ రోజుకీ దొరకలేదు.

ఆ కబురు పోలమ్మకు నేనే చెప్పాను. ఏడవలేదు, తిట్టలేదు. "నాను సెప్పిన్నాడు రాసుంటే సరిపోయేది గదమ్మా" అంది. తిట్టినా బాగుండేది. రైటర్‌కు ఒక మెమో ఇచ్చారు. నాకు అదీ ఇవ్వలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ వాంగ్మూలమైనా సాక్షి పేరు మీద వేలు పెట్టి చదివేదాన్ని. మాట్లాడుతున్నది ఎవరో మాటల్ని బట్టి తెలియకపోతే ఫైలు తిప్పి పంపేదాన్ని. స్టేషన్లలో నన్ను తిట్టుకునేవారని తెలుసు. ఈ కేసు నేర్పింది అంతే. రాయాల్సింది సంఘటన గురించి కాదు, ఈ సాక్షికి మాత్రమే తెలిసినదేదో అది. అది నేర్చుకోవడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది, దాని ఖర్చు మాత్రం పోలమ్మ భరించింది.