మార్త తరఫున ఒక మాట

ఢిల్లీలో మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. వసంత్ కుంజ్ దగ్గర వేరే సంఘం వాళ్ల చర్చిని ఆదివారం మధ్యాహ్నం పూట మాకిస్తారు. పొద్దున ఇంగ్లిష్ ఆరాధన, ఆ తర్వాత హిందీ ఆరాధన, భోజనాల వేళ దాటాక మేము. కడుపునిండా తిని వచ్చిన జనం పాస్టరు గారి ప్రసంగంలో కునికిపాట్లు పడుతుంటే, వెనక గదిలో నేను పిల్లలకు సండే స్కూలు నడిపేదాన్ని. నడపడం అంటే పెద్ద మాట. వాళ్లు పరిగెత్తేవాళ్లు, నేను వెంటపడేదాన్ని. నేను తెలుగులో అడిగితే వాళ్లు హిందీలో జవాబిచ్చేవాళ్లు. కథ మొదలుపెట్టగానే "ఆంటీ, యే తో పతా హై" అని, ఇదంతా తెలిసిందే అన్నట్టు గోడ గడియారం వైపు చూసేవాళ్లు.

అలాంటి బడి మూతపడితే ఏం పోయింది అని ఎవరైనా అడగొచ్చు. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. మా ఆయనకు చెన్నై బదిలీ అయింది. వేసవి సెలవులు మొదలవగానే మేం వెళ్లిపోవాలి. నా తర్వాత పిల్లల్ని ఎవరు చూస్తారని పాస్టరు గారు ఆరాధనలో అడిగితే, అందరూ ఒక్కసారిగా తలలు వంచుకుని ప్రార్థనలోకి వెళ్లిపోయారు. "టీచర్లు దొరక్కపోతే వెనక గది మూసేసి, పిల్లల్ని పెద్దల మధ్యే కూర్చోబెడదామమ్మా" అన్నారాయన. పెద్దలే నిద్రపోతున్న చోట పిల్లలేం కూర్చుంటారండీ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

సరిగ్గా అప్పుడే కెన్యా నుంచి ఒక మిషనరీ వస్తున్నారని కబురొచ్చింది. అరవై దాటిన మనిషి. తన దేశంలో బడిపంతులమ్మగా పనిచేసి రిటైరై, ఇప్పుడు దేశదేశాల్లో చిన్న సంఘాలకు వెళ్లి సండే స్కూలు టీచర్లను తయారు చేస్తుంటారట. ఈస్టర్ అయిన తర్వాత ఒక వారాంతం మాకిచ్చారు. శనివారమంతా శిక్షణ, ఆదివారం ఆరాధన. ఆవిడ ఇంగ్లిష్‌ను తెలుగులోకి మార్చే దుబాసీని నేనే. ఇక నా కష్టాలు గట్టెక్కినట్టే అనుకున్నాను.

కానీ పాస్టరు గారు ఆ సంగతి ప్రకటిస్తూ చివర్లో ఒక మాట కలిపారు. "దైవజనురాలు మన మధ్యకు వస్తున్నారు. ఇంట్లో ప్రార్థన చేయించుకోవాలనుకునేవాళ్లు చెల్లెమ్మకు చెప్పండి." చెల్లెమ్మ అంటే నేనే. మనవాళ్ల సంగతి తెలిసిందే. దూరం నుంచి వచ్చిన దైవజనులు గడప తొక్కాలి, ప్రార్థన చెయ్యాలి, నాలుగు ముద్దలు తిని మరీ వెళ్లాలి. లేకపోతే ఆ ఇంటికి ఏడాదంతా ఏదో వెలితి. ఆ వారం నా ఫోను మోగుతూనే ఉంది. ద్వారక నుంచి ఒకరు, నోయిడా నుంచి ఒకరు. "శనివారం శిక్షణయ్యాక, వీలుంటే వస్తామండీ" అని అందరికీ చెప్పాను. అందులో "శనివారం" ఒక్కటే అందరికీ వినపడింది.

శనివారం పొద్దున్నే ఆవిడ చర్చి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, గుడ్డతోనే కత్తిరించిన గొర్రెల్ని, పడవని, మనుషుల్ని వరసగా పేర్చుకున్నారు. నేను కుర్చీలు వేశాను. మునిర్కాలో గది తీసుకుని పరిశోధన చేసుకుంటున్న మా వరంగల్ అమ్మాయి ఒక్కతే వచ్చింది. ముగ్గురం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం. టీ చల్లారింది.

"అక్కా, ఇంకెవ్వరొచ్చేటట్టు లేరు" అంది ఆ అమ్మాయి.

వరసగా ఫోన్లు చేశాను. అందరిదీ ఒకటే పాట. "అదేంటమ్మా, మీరు వస్తున్నారని కూర పొయ్యి మీద పెట్టుకుని కూర్చుంటే!" టీచర్లుగా తయారవ్వాల్సిన వాళ్లంతా, టీచర్లను తయారుచేసే మనిషి కోసం వంట చేస్తూ ఇళ్లలో ఉండిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నా టీచర్లు ఎక్కడ?" అని అడిగారావిడ.

"వంటింట్లో" అన్నాను తలెత్తకుండా.

"ఏం చేస్తున్నారు?"

"మీ కోసం వంట చేస్తున్నారు."

ఆవిడ కళ్లజోడు తీసి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "మా ఊళ్లోనూ ఇంతే" అని గొర్రెల్ని, పడవని సంచిలో వేసుకున్నారు. "పద. వాళ్లెక్కడుంటే బడి అక్కడే." నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆటోలో కూడా మొహం గంటు పెట్టుకునే కూర్చున్నాను.

మొదటి ఇల్లు దగ్గర్లోనే, వసంత్ కుంజ్ ఫ్లాట్లలో. ఆ ఇంటి ఆంటీది కోనసీమ. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆవిడ నోటికి జడిసి పాస్టరు గారు కూడా ప్రసంగం సమయానికి ముగించేవారు. పిల్లలకు చెప్పమని ఎప్పుడు బతిమాలినా, "ఆఫీసులో జనాన్ని అదిలించి అదిలించి అలిసిపోయేను, ఇంక నా వల్ల కాదమ్మా" అని కొట్టిపారేసేవారు.

వెళ్లేసరికి చేపల పులుసు, గోంగూర, గారెలు అన్నీ బల్ల మీద ఉన్నాయి. ప్రార్థనయ్యాక మిషనరీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "తింటాను. కానీ ముందు ఈవిడ నాకొక బైబిల్ కథ చెప్పాలి. తనకు ఇష్టమైనది" అన్నారు. నేను తెలుగులో చెప్పాను.

"అన్నం చల్లారిపోద్ది, ముందు తినమను" అన్నారు ఆంటీ. మిషనరీ కదల్లేదు. బడిపంతులమ్మకీ ఆఫీసరుకీ మధ్య కాసేపు చూపులతోనే పోరు నడిచింది. చివరికి ఆంటీ గరిటె పట్టుకునే మొదలుపెట్టారు.

"సరే వినండి. బేతనియలో మార్త అనొకావిడుందండి. యేసయ్య ఆళ్లింటికొచ్చేరు. ఒక్కరే వస్తారా? ఎనకాల శిష్యులుంటారు కదా. ముందు కబురైనా లేదు. చెల్లెలు మరియ చూస్తే ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. మరి పిండెవరు కలపాలి? నీళ్లెవరు తేవాలి? పొయ్యెవరు ఊదాలి? అందరూ మార్తని తిడతారు గానీ, ఆ పూట ఆవిడ అవస్థ ఎవరికి కావాలి!"

నేను ఇంగ్లిష్‌లోకి మార్చబోతుంటే మిషనరీ చెయ్యెత్తి ఆపారు. గరిటె ఎటు తిరిగితే ఆవిడ కళ్లు అటు తిరుగుతున్నాయి. లోపలి గదిలో ఫోను చూసుకుంటున్న మనవరాళ్లిద్దరూ గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. నా తరగతిలో అందరికంటే ఎక్కువ పరిగెత్తేది వాళ్లే.

"ఫిర్ క్యా హువా, నానమ్మా?"

"ఏమవుద్ది? మార్తకి కోపమొచ్చింది. తిన్నగా ఆయన దగ్గరికెళ్లి, పనంతా నా నెత్తిన పడేసి ఇది ఇక్కడ కూర్చుంటే మీకు చీమ కుట్టినట్టైనా లేదా అంది. ఆయన కోప్పడలేదు. మార్తా, మార్తా అని రెండుసార్లు పిలిచేరు. నీకన్నీ పనులేనా, మరియ కూర్చుని నా మాట వింటంది, అదే మంచిది అని..." ఆంటీ అక్కడ ఆగిపోయారు. చేతిలో గరిటెని, బల్ల మీద గిన్నెల్ని చూసుకున్నారు. "ఈవిడ అక్కడ పాఠం చెప్పడానికొస్తే, నేనిక్కడ పులుసు పెట్టుకుంటా ఉండిపోయేనా?" అన్నారు నెమ్మదిగా.

"తో ఖానా మిలా ఉన్‌కో?" అంది చిన్న మనవరాలు, ఇంతకీ వాళ్లకు అన్నం దొరికిందా అని.

"అది బైబిల్లో లేదే. నాకూ తెలీదు. కానీ మార్త అలాగ వదిలేసే మనిషి కాదు. పెట్టే ఉంటాది."

అప్పుడు నేను అంతా ఇంగ్లిష్‌లో చెప్పాను. మిషనరీ బల్ల చరిచి, కంచం దగ్గరకు లాక్కున్నారు. తింటూ నా వైపు వంగి, "నాకు తెలియదు అని పిల్లలకు చెప్పింది చూశావా? నువ్వెప్పుడైనా అలా చెప్పావా?" అన్నారు. నాకు చురుక్కుమంది. ఎన్నడూ చెప్పలేదు. అన్నీ నాకు తెలుసన్నట్టే చెప్పేదాన్ని, అందుకే వాళ్లు గడియారం చూసేవాళ్లు. ఆ కోపంతో నాకు గారెలు సహించలేదని చెబితే అబద్ధమవుతుంది. ఎన్ని తిన్నానో గుర్తులేదు.

సాయంత్రం దాకా అలాగే తిరిగాం. కథ చెబితేనే ముద్ద ముట్టుకునేవారు ఆవిడ. ఒక ఇంట్లో గొలియాతును చపాతీ కర్రతో పడగొట్టారు. ఇంకో ఇంట్లో నోవహు ఓడలోకి కుక్కర్ కూడా ఎక్కింది. మునిర్కా అమ్మాయి సంచి మోస్తూ వచ్చి, ద్వారక చేరేసరికి తనే గొర్రెల్ని, పడవని పేర్చి చూపించసాగింది. చివరి ఇంట్లో మిషనరీ ఒక చెంచా పాయసం తిని చేతులెత్తేశారు.

ఆదివారం పాస్టరు గారు మళ్లీ అడిగారు. మళ్లీ తలలు వంగాయి. అప్పుడు ఆంటీ ముసుగు సర్దుకుంటూ లేచారు.

"నేను చూస్తాను. కానీ ఆ వెనక గదిలో కాదు, అక్కడ గాలాడదు. ఆరాధనకి ముందు పిల్లల్ని మా ఇంటికి పంపండి. అన్నం తిని, కథ వినొస్తారు."

"నేను తోల్కొస్త ఆంటీ, బొమ్మలు గూడ నేనే జేస్త" అంది మునిర్కా అమ్మాయి.

మిషనరీకి ఈ మాటలు ఇంగ్లిష్‌లో చెప్పబోయాను. ఆవిడకు అప్పటికే అర్థమైపోయి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మర్నాడు లక్నోలో ఇంకో సంఘానికి వెళ్లిపోయారు.

మేం చెన్నై వెళ్లేముందు చివరి ఆదివారం, బడి ఎలా నడుస్తోందో చూసి నాలుగు సలహాలు చెబుదామని ఆంటీ ఇంటికి వెళ్లాను. "అక్కడ నిలబడకు, కంచం తీసుకుని కింద కూర్చో" అన్నారావిడ. పిల్లల మధ్య కూర్చున్నాను. ఒక్కరూ నన్ను పట్టించుకోలేదు. ఈ బడికి ఇక నాతో పని లేదని కాస్త బాధ, బడి బతికిందని కొండంత సంతోషం, రెండూ ఒకేసారి కలిగాయి.

"పేతురూ వాళ్లూ రాత్రంతా వలేసేరు. ఒక్క చేప పడితే ఒట్టు. ఆకలితో నీరసంగా తెల్లారగట్ల ఒడ్డుకొస్తన్నారు. చూస్తే ఒడ్డున ఎవరో నిప్పులు రాజేసి చేప కాలుస్తున్నారు..." అని ఆంటీ పులుసు గిన్నె కోసం లోపలికి వెళ్లారు.

ఆ కథ నాకు కంఠతా వచ్చు. ఎన్నోసార్లు చెప్పాను. అయినా ఆవిడ గిన్నెతో తిరిగి రాగానే, "తర్వాత ఏమైందాంటీ?" అని అడిగింది నేనే. పిల్లలంతా నా వైపు తిరిగి చూశారు.

"ఆ పూట యేసయ్యే వండేరు" అన్నారు ఆంటీ, నా కంచంలో చేప ముక్క వేస్తూ. "రండి, వచ్చి తినండి అన్నారు."