ముంజేతి మీది అక్షరం

నేను హైదరాబాద్‌లో చైనా భాష నేర్పుతాను. ఒకసారి విశాఖలో పని చూసుకుని, పోర్టు దగ్గర ఆనందపురం మీదుగా వెళ్లే బస్సెక్కాను. ఒళ్లో చైనా పాఠ్యపుస్తకం తెరిచి ఉంది. పక్కన కూర్చున్న యువతి చాలాసేపు ఆ అక్షరాలనే చూసి, తన ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. మగవాడి ముంజేతి మీద ఒకే ఒక్క చైనా అక్షరం, పచ్చబొట్టు.

"ఇది మా ఆయన సెయ్యండి. ఓడ మీద పనిసేసేవోడు. సైనాలో ఏయించుకున్నాడు. ఇదేటండి?"

"దీన్ని 'గ్వేయ్' అంటారు. తిరిగి రావడం అని అర్థం. పూర్వం పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లడాన్ని కూడా ఈ అక్షరంతోనే రాసేవారు."

ఆమె తలూపింది. "ఆయనా అదే సెప్పాడండి, తిరిగొత్తానని. సముద్రంలో పడిపోయాడన్నారు. శవం దొరకలేదు. ఈ అక్షరాన్ని నమ్ముకునే నాను బొట్టు తియ్యలేదు. ఇంకో అర్థం ఏటన్నా ఉందా?"

నేను పుస్తకం మూసేశాను. ఆమె నా ముఖమే చూస్తోంది.

"ఉందమ్మా. చనిపోయినవాళ్లు తాము వచ్చిన చోటికే తిరిగి వెళ్లిపోతారని పాతకాలం చైనావాళ్లు అనుకునేవారు. అందుకని చావుకీ ఈ అక్షరం వాడేవారు."

ఆమె ఫోన్ ఆర్పేసి, కిటికీ వైపు తిరిగింది.

"నాకూ తెలుసండి, రాడని," అంది. "మా పాప అడిగితే మాత్రం మొదటి అర్థమే సెప్తాను."

ఆనందపురంలో ఆమె దిగిపోయింది. బస్సు కదిలాక ఆ అక్షరానికి నాకు తెలిసిన అర్థాలన్నీ మళ్లీ గుర్తుచేసుకున్నాను. ఆమెకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.