ఏటా అడిగే అనుమతి

ఎన్నిస్ పట్నం వెళ్లే బస్సులో నా పక్క సీటు పెద్దాయన ఒళ్లో కేకు డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. నవంబర్‌లో ఫెజంట్ పక్షుల వేట మొదలవుతుందనీ, ఒకావిడ పొలంలో వేటాడేందుకు అనుమతి అడగబోతున్నాననీ చెప్పాడు.

"లైసెన్సు ఉంటే చాలదా?" అన్నాను. చేతిలో కాగితం ఉంటే పని అయిపోయినట్టే అనుకునే మనిషిని నేను.

"లైసెన్సు ప్రభుత్వం ఇస్తుంది. పొలం ఆవిడది. ఏటా వెళ్లి అడగాల్సిందే. వెంటనే ఒప్పుకోదు. టీ పోస్తుంది, పోయిన భర్త కబుర్లన్నీ చెబుతుంది. సాయంత్రం నేను లేచేటప్పుడు, 'గ్రాండ్, అలాగే, వచ్చి వేటాడుకో' అంటుంది."

"ఈసారి ఎన్ని కొడతారు?"

"చూపు తగ్గింది బాబూ. తుపాకీ అమ్మేసి నాలుగేళ్లయింది."

"ఆవిడకు తెలియదా?"

"తెలిసే ఉంటుంది. పోయినేడు నా కళ్లద్దాలు తనే తుడిచి ఇచ్చింది. అయినా సాయంత్రం దాకా ఒప్పుకోలేదు."