అక్క కట్టిచ్చిన ఎండురొట్టెలు

ఇంగ్లండులో కోటలు చూపించేవాళ్లకు నేనంటే గిట్టేది కాదు. ఏ రాజు ఏ గదిలో నిద్రపోయాడో వాళ్లు చెబుతుంటే, ఈ రాళ్లు మోసిందెవరు, వాళ్లకు కూలి ముట్టిందా అని అడిగేవాణ్ణి. "అది మాకు తెలియదు" అనేవాళ్లు. మరి ఏం తెలుసుకుని చూపిస్తున్నట్టు? ఆదోని కోటకొండ ఎక్కి దిగిన కాళ్లకు ఆ కోటలు పెద్ద ఎత్తనిపించేవి కావు. వాదించి వాదించి ఆకలేసేది. అప్పుడు ఏ పాత గోడ పక్కనో కూర్చుని, జేబురుమాలలో చుట్టి తెచ్చుకున్న అక్క చేతి ఎండు జొన్నరొట్టె విప్పేవాణ్ణి.

పల్చగా తట్టి, పెనం మీద కాల్చి, అప్పడంలా గలగలలాడేదాకా ఎండబెట్టిన రొట్టె అది. మా వైపు, హొళగుంద దాటి కన్నడ సీమదాకా, దూరం పోయేవాళ్లు దాన్నే కట్టుకుపోతారు. నెలలు గడిచినా చెడదు. తట్టేటప్పుడు పడిన వేళ్ల గుర్తులు ఎండినాక కూడా దాని మీద కనిపిస్తాయి.

పందొమ్మిదివందల యాభైల నడిమి కాలంలో నూలు మిల్లుల చదువు కోసం పోయాను. నేను అద్దెకున్న ఇంటావిడ మంచిదే. కానీ ఆమె పొయ్యి మీద దుంపలు ఉడికేవి, కోసుకూర, అదే క్యాబేజీ, ఉడికేది, మాంసమూ ఉడికేది, అన్నిటికీ ఒకటే రుచి. మా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తలుచుకుని ఆ పళ్లెం ముందు కళ్లు మూసుకునేవాణ్ణి.

అమ్మానాన్నా లేని నన్ను పెంచింది అక్కే. చిన్న వయసులోనే భర్త పోయి, ఎమ్మిగనూరులో అత్తగారింట్లోనే ఉండి, మగ్గాలకు కండెలు చుట్టి బతికేది. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవాలని నేను ఊరూరా సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. ఆ మాటలు విని ఒకరోజు ఆమే అడిగింది, "అట్లయితే నాకెవరినన్నా సూడు" అని. ఆదోనిలో బడిపంతులు ఒకాయన, భార్య పోయినవాడు, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. నేను ఓడ ఎక్కేలోగా పెళ్లి జరిపించాలని నా పట్టు. ఆమె వినలేదు.

నన్ను బొంబాయి రైలు ఎక్కించడానికి ఇద్దరూ ఆదోని స్టేషనుకు వచ్చారు. పంతులు కాస్త ఎడంగా నిలబడ్డాడు. అక్క రొట్టెల సంచి నా ఒళ్లో పెట్టింది.

"రైల్లోనే అంతా మేసేయొద్దు. పొదుపుగా తిను. ఇవి అయిపోయేటప్పటికి నువ్వు ఈడ ఉండాల."

"పెళ్లి చేసుకునుంటే మీరిద్దరూ జంటగా సాగనంపేవాళ్లు గదక్కా."

"మళ్లా మొదలుపెట్టినావా? నువ్వు సభలో మాట్లాడి ఇంటికొచ్చి పండుకుంటావు. నీళ్ల కాడ మాటలు పడేది నేను. నువ్వుంటే ఒక్కొక్కరికీ జవాబు సెప్తావు. వచ్చినాక చేసుకుంటాలే. పెళ్లేమన్నా పెరుగన్నమా, రేపటికి పులిసిపోనీకి?"

"అయితే ఎండురొట్టెనా?" అన్నాడు పంతులు, అటు తిరిగే.

"ఊ, ఎండురొట్టే. ఎన్నాళ్లైనా ఉంటాది" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

నా గదిలో, మా ఇంట్లో మాదిరే, గోడకు మేకు కొట్టి సంచి వేలాడదీశాను. మూతగట్టి డబ్బా ఒకటి ఇస్తానంది ఇంటావిడ. రొట్టెకు గాలి తగలాలి, మీకు తెలియదు అన్నాను. పక్క గదిలో బళ్లారి మిత్రుడు ఉండేవాడు, భక్తుడు. ఏదైనా కోటకో పాడుబడ్డ క్రైస్తవ మఠానికో పోయిన రోజున మాత్రమే రొట్టె తీస్తానని తెలిసి ఎగతాళి చేసేవాడు.

"ఏమప్పా, దేవుడు ల్యాడంటావు, రొట్టెను మాత్రం ప్రసాదం మాదిరి కండ్లకద్దుకుంటాండావే!"

"ప్రసాదమైతే నీకు పెట్టాల్సొచ్చేది. ఇది మా అక్కది" అనేవాణ్ణి. అయినా విరిచి సగం ఇచ్చేవాణ్ణి. చలికాలం వచ్చాక తిరుగుడు మానేశాను. ఉన్నవి ఉండనీ, ఎండలు వచ్చాక తిందామని సంచి జోలికి పోలేదు.

ఆ చలిలోనే పంతులు జాబు వచ్చింది. అక్కకు విడవని జ్వరం. మళ్లీ పెళ్లికి ఒప్పుకుంది కాబట్టి అమ్మవారు పట్టిందని అత్తగారింటివాళ్లు తాయెత్తు కట్టి, వేపమండలతో విసిరి కూర్చున్నారు. కబురు తెలిసి పంతులు ఆదోని నుంచి డాక్టరును వెంటబెట్టుకుని పోయాడు. నువ్వెవరని ఆయనను గడపలోనే ఆపారు. "నేనెవరినని చెప్పేది?" అని రాశాడు. వాళ్లు తలుపు తీసేసరికి ఆమె లేదు.

నువ్వెవరు? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ఉండి ఉంటే ఆమె బతికేదేమో. పుట్టించినవాడు తీసుకుపోయాడని అనుకునేవాళ్లకు ఏడుపు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. జ్వరానికి మందు ఉందని, ఆ మందు గడప అవతలే నిలబడి ఉందని తెలిసినవాడికి ఎక్కడ ఆగుతుంది?

సంచి దించి మంచం మీద కుమ్మరించాను. మా ఎండల్లో ఏళ్లు నిలిచే రొట్టె ఆ దేశపు చెమ్మకు మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని, పచ్చగా బూజు పట్టి ఉంది. మిత్రుడు తలుపు దగ్గర నిలబడి చూశాడు. జాబు సంగతి అప్పటికే అతనికి తెలుసు.

"ఒక ముక్క కాకికి పెట్టప్పా. మీ అక్క..."

"మా అక్క కాకి కాదు!" అని అరిచాను. "బతికుండగా తలుపు మూసినవాళ్లు ఆ పని చేస్తారులే, విస్తరి నిండా పెడతారు!"

అతడు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. నేను ఒక్కొక్క రొట్టే విడదీసి దీపం దగ్గర పెట్టి చూస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు. "తినొద్దప్పా. బూజు తింటే సస్తావు."

అది నాకు తెలియక కాదు. చూస్తున్నది వేళ్ల గుర్తుల కోసం. వేళ్లు పడిన చోటల్లా బూజే ఉంది. అన్నిటికన్నా పైన ఉన్నదాని అంచు మాత్రం, సంచి మూతి దగ్గర గాలి తగిలి, ఎండినట్టే ఉంది. దాన్ని విరిచాను. అలవాటు కొద్దీ రెండు ముక్కలు చేసి ఒకటి అతనికి ఇచ్చాను.

"కారం ల్యాదా?" అన్నాడు మెల్లగా.

అక్క దంచిచ్చిన శెనక్కాయల కారం ఎప్పుడో అయిపోయింది. ఇద్దరం ఉత్తదే నమిలాము.