కెప్టెన్ ప్రభుదాస్‌కు మూల తిప్పుడు నేర్పింది నేనే

ముప్పై ఏండ్ల సంది ఒక మాట కడుపుల పెట్టుకున్న.

అడగాల్సిన మనిషి నిన్న పొద్దుగాల పోయిండు.

తార్నాక కెప్టెన్ ప్రభుదాస్. ఆయన బిడ్డ బేబీ ఫోన్ చేసి, "బాబాయ్, నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు" అన్నది. నేను పండ్లు తోముకుంటున్న. ఏమన్ననో యాది లేదు. ఫోన్ పెట్టేసినంక గూడ బ్రష్ నోట్లనే ఉన్నది.

ఏడుస్త. ముందుగాల నా లొల్లి చెప్త. నా సదువు మూడో తరగతి. నేను మాట్లాడుతుంటే ఫోనే రాస్తున్నది, తప్పులుంటే దాన్ని అనుకోండ్రి.

ఆయన రిటైరైన నాడు చర్చి పక్క హాల్ల ఫంక్షన్ చేసిర్రు. ఇస్త్రీ అంగి ఏసుకొని నాలుగో లైన్ల కూసున్న. ఒకాయన లేచి అడిగిండు.

"కెప్టెన్ గారూ, మీ ఫ్లైట్‌లో కూర్చుంటే కదిలినట్టే ఉండదు. ఎక్కడ నేర్చుకున్నారండీ?"

నేను నడుము సీదా చేసి కూసున్న.

ఈయన మైకుల ఏమన్నడు? "అది దేవుడిచ్చిన వరమండీ."

అందరు చప్పట్లు కొట్టిర్రు. నేను కొట్టలే.

ఇచ్చింది నేను. యాదగిరిని. మాణికేశ్వర్ నగర్‌ల రిక్షా తొక్కేటోన్ని.

పందొమ్మిదొందల అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో. ఆయన మిలటరీల ఫైటర్ విమానం నడిపిండు, యుద్ధం చూసిండు, ఆ నౌకరి ఇడిసిపెట్టి వచ్చిండు. తార్నాకల రూం. పొద్దంత యూనివర్సిటీ లైబ్రరీల కూసొని సివిల్ పైలట్ లైసెన్స్‌కు సదువుడు. పోవుడు, వచ్చుడు నా రిక్షాలనే.

"గంత మంచి నౌకరి ఎందుకిడిసినవ్ సార్?" అని అడిగిన.

"ఒక్కణ్ణే పైకెళ్ళి ఒక్కణ్ణే దిగడం విసుగొచ్చిందయ్యా. ఇక జనాన్ని ఎక్కించుకుంటా" అన్నడు.

పరీక్షలు పాసైండు. ఎయిర్‌లైన్ల తీసుకున్నరు.

ట్రైనింగ్‌ల వచ్చింది తిప్పలు. ఫైటర్ చెయ్యి కద. మలుపు వస్తే ఒక్కసారే తిప్పుతడు. వెనక హోస్టెస్ చేతుల ట్రే పోయి ఎవరి ఒళ్ళోనో పడ్డదట. నేర్పే పెద్ద పైలట్ ఖరాఖండిగ చెప్పిండు. ఇంకొక్కసారి చెక్, అంటే నడిపి చూపే పరీక్ష, పెడ్త, గప్పుడు గూడ గిట్లనే అయితే ఇంటికి పో అని.

పాత నౌకరి పోయె. కొత్తది ఉంటదో ఉండదో. పెండ్లి కుదిరి ఉన్నది. మొకం ఏలాడేసుకొని వచ్చి నా రిక్షాల కూసున్నడు.

నేనన్న, "సార్, నిండు నెలల ఆడోళ్ళను దవాఖానకు తీస్కపోత నేను. ఒక్కరన్న అయ్యో అన్లే. నా దగ్గర నేర్చుకో."

నవ్వుతడనుకున్న. నవ్వలే. "ఎప్పుడు మొదలెడదాం?" అన్నడు.

తెల్లారి గ్లాసు నిండ చాయ్ పోయించిన.

"నువ్వు తొక్కు. నేను ఇది పట్టుకొని వెనక కూసుంట. ఒలకొద్దు."

తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజి దాక. ఇస్త్రీ ప్యాంటు సార్ తొక్కుతుండు, రిక్షావోడు సీట్ల కాలు మీద కాలు. రిక్షా స్టాండ్‌ల దోస్తులు ఊకుంటరా? "నవాబ్ సాబ్, సవారి ఎటు?"

మొదటి మూలకే చాయ్ అంత నా తొడ మీద. బొబ్బ లేసింది.

"సార్, మూల కాడికి వచ్చినంక తిప్పుతున్నవ్. గీడ దుష్మన్ ఎవడు లేడు. ఆ చెట్టు కాడ ఉండంగనే మెల్లగ షురూ చెయ్. వెనకున్నోనికి మూల వచ్చి పోయింది తెల్వొద్దు."

ఇంకోటి గూడ నేర్పిన. గుంత రాకముందే చెప్పాలె. "అమ్మా, గుంత, పట్టుకో" అని. చెప్పి దింపితే ఎవ్వరు భయపడరు.

మూడు వారాలు తొక్కిండు. పిక్కలు వాచినయ్. ఆఖరికి ఒకనాడు పోయి వచ్చినం, గ్లాసు ఆయన చేతికిచ్చిన. నిండ ఉన్నది. సల్లారిపోయింది. చెరి సగం తాగినం.

చెక్ అయిన నాడు బేగంపేట ఎయిర్‌పోర్ట్ నుంచి రూంకు పోలే. యూనిఫాంల సీదా నా స్టాండ్‌కు వచ్చి రిక్షా ఎక్కిండు.

యూనివర్సిటీ గేట్ దాటినంక అన్నడు, "పాసయ్యానయ్యా యాదగిరీ."

నేను ఎనకకు తిరిగి చూడలే. గొంతు ఎట్లున్నదో ఇన్న. చాలు.

ఆ దినం సంది నాకు సార్ కాదు, అన్న.

తర్వాత ఆయన విమానం ఎక్కినోళ్ళు చెప్తుంటిరి. ఊగుడు మొదలు గాకముందే కెప్టెన్ మైకుల చెప్తడట, "కొంచెం కుదుపులుంటాయండీ, పట్టుకు కూర్చోండి" అని. నాలో నేను నవ్వుకునేటోన్ని.

మరి నడుమ దేవుడేంది?

రిక్షావోని పేరు చెప్తే నామోషా? లేక మర్చిపోయిండా?

మర్చిపోయిండంటే నమ్మబుద్ధి కాదు. ప్రతి క్రిస్మస్‌కు కేక్ పట్టుకొని మా గల్లీలకి నడుచుకుంట వస్తుండె. కూసుంటుండె. నేను తింటుంటి. ఒక్కనాడు అడగలే. ఆయన చెప్పాలె గని నేను అడుక్కునుడేంది అని. నాకు గూడ పొగరే. ఆ తప్పు నాది.

ప్రభుదాసన్నా, నీ అంత మెత్తగ నడిపినోన్ని మల్ల చూడలే. పోయిరా. నిమ్మళంగ పండుకో.

బేబీ, బిడ్డా, నీతోని ఒక పని ఉన్నది.

పైలట్లు నడిపిన ప్రతి దినం పుస్తకంల రాసుకుంటరు. మీ నాయిన ఆ మూడు వారాలు గూడ పొద్దుగూకినంక కాలేజి మెట్ల మీద కూసొని రాసిండు. ఇంగ్లీషుల. నేను పక్కనే ఉన్న, నాకు సదవరాదు. ఆ పుస్తకాలన్ని మీ అల్మారల భద్రంగ ఉన్నయని ఆయనే చెప్పిండు.

తీసి చూడు. నా పేరు ఉన్నదా, లేదా?

వచ్చే ఆదివారం ఆయన యాదిల చర్చిల కూడిక పెట్టిర్రు. ఉంటే ఆ ముక్క నువ్వే అందరి ముందర సదవాలె. లేకుంటే మైకు నాకియ్యాలె, నేను చెప్పుకుంట.

ఏ సంగతైనా శనివారం పొద్దుగూకేలోపల నాకు చెప్పు.